కృష్ణా మూసీ సంగమమున రేవులు: నల్లగొండ సీమ జలమార్గ చరిత్ర

కృష్ణానది తెలుగుదేశమున కొన్నిచోట్ల బాటగాను, కొన్నిచోట్ల అడ్డుగాను వర్తించినది. బెజవాడకు దిగువను దాని నీరు కాలువలుగా చీలి పడవలకు దారి యిచ్చినది. బెజవాడకు ఎగువను, నేటి నల్లగొండ, సూర్యాపేట జిల్లాల దక్షిణపు టెల్లను ఒరసికొని పారుచోట, అదే నది రాళ్ళ నడుమ, లోతైన గట్టుల నడుమ, ఋతువు ననుసరించి రూపు మార్చుకొనుచు ప్రవహించుచు వచ్చినది. ఈ రెండవ భాగమును గూర్చియే యీ వ్యాసము.

2008వ సంవత్సరమున భారతప్రభుత్వము శాసనముచే 4వ జాతీయ జలమార్గమును ప్రకటించినది. కాకినాడనుండి పుదుచ్చేరివరకు గల కాలువలును, గోదావరిపై భద్రాచలమునుండి రాజమహేంద్రవరమువరకు గల భాగమును, కృష్ణపై వజీరాబాదునుండి విజయవాడవరకు గల భాగమును అందు చేరినవి. ఈ మూడింటి మొత్తము 1,078 కిలోమీటర్లు. కృష్ణానది భాగము 157 కిలోమీటర్లు. ఇందు పేర్కొన్న వజీరాబాదు మిర్యాలగూడ ప్రాంతమునందలి వాడపల్లియే. మూసీనది కృష్ణలో కలియుచోట అగస్త్యేశ్వరస్వామికిని లక్ష్మీనరసింహస్వామికిని ఆలయములు గల క్షేత్రమది. నిజాము ప్రభుత్వకాలమున దానికి వజీరాబాదు అను నామము వ్యవహారమున నుండెను.

ఒక మారుమూల క్షేత్రము మహాజలమార్గమునకు మొదలుగా నిర్ణయింపబడినప్పుడు చరిత్ర విద్యార్థికి ఒక ప్రశ్న కలుగుట సహజము. పూర్వకాలమున అచట ఓడరేవు ఉండెనా? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సీమల పంటలును సరకులును నదివెంట సముద్రమునకు పోవుచుండెనా? ఈ ప్రశ్నకు ఉత్తరము కేవలము పాండిత్యవిషయము గాదు. పూర్వమున్న మార్గమును పునరుద్ధరించుట వేరు, పూర్వమెన్నడును లేని మార్గమును క్రొత్తగా నిర్మించుట వేరు. రెండవది యగుచో దానికగు వ్యయమును, దానివలన కలుగు లాభనష్టములును వేరు దృష్టితో చూడవలసి యుండును.

శబ్దవిచారము

ముందుగా మాటలను పరిశీలింతము. తెలుగున రేవు అను పదమునకు అర్థవ్యాప్తి చాల ఎక్కువ. స్త్రీలు నీళ్ళు ముంచుకొను తావు నీళ్ళరేవు. బట్టలుతుకు తావు చాకిరేవు. నదిని దాటు తావు పడవరేవు. సముద్రపు టోడలు నిలుచు తావు ఓడరేవు. నీటిలోనికి దిగుటకును నీటినుండి ఎక్కుటకును అనువైన తావు ఏదైనను రేవే. కావున ఒక గ్రామమునకు రేవు కలదన్నంతమాత్రమున అచట నౌకావాణిజ్యము జరిగెనని చెప్ప వీలులేదు. ఈ అర్థభేదమును గమనింపక రేవు అన్న ప్రతి మాటను ఓడరేవుగా గ్రహించినచో చరిత్ర తారుమారగును.

సంస్కృతమున తీర్థశబ్దము ఇట్టిదే. తరించుట, దాటుట అను అర్థము గల ధాతువునుండి పుట్టిన యీ శబ్దమునకు మొదటి యర్థము నదిని దాటు తావు. పిమ్మట స్నానఘట్టమనియు, పుణ్యక్షేత్రమనియు అర్థములు కలిగినవి. వాడపల్లి, మట్టపల్లి వంటి క్షేత్రములను చూడగా ఈ అర్థపరిణామము కన్నులకు కట్టినట్లు తెలియును. జనులు దాటు తావున జనసమ్మర్దము కలుగును. అచట దేవాలయము వెలయును. దేవాలయమువలన మరికొందరు జనులు వత్తురు. దాటుటకును తరించుటకును మాట యొకటే యగుట కేవలము కవిసమయము గాదు.

ఇక వాడపల్లి అను నామము. వాడ అనగా ఓడ యను అర్థము తెలుగున కలదు. చీరాల సమీపమునందలి వాడరేవును, సముద్రతీరమున పడవవృత్తి గల వాడబలిజలను ఇందుకు తార్కాణములు. దీనినిబట్టి వాడపల్లిని ఓడలపల్లిగా వ్యాఖ్యానింపవచ్చునని తోచును. కాని వాడ అనగా జనులు వసించు వీథి, పేట యను అర్థము అంతకంటె ప్రసిద్ధము. బెజవాడయందలి వాడకు ఓడతో సంబంధము చెప్ప పనిలేదు. ఒక నామమునకు రెండు వ్యుత్పత్తులు సమానముగా పొసగునపుడు ఆ నామమాత్రమును ఆధారముగా గొని నౌకాశ్రయమును నిర్మించుట చరిత్రకారునకు తగదు. నామము సాక్ష్యమునకు తోడు కావలెనే గాని తానే సాక్ష్యము కారాదు.

నాలుగవ మాట పుట్టి. ఇరువది తూముల ధాన్యపు కొలతకును పుట్టి యని పేరు. వెదురుతో అల్లి తోలు తొడిగిన గుండ్రని తెప్పకును పుట్టి యని పేరు. ఎగువ కృష్ణకు ఈ పుట్టియే ప్రధానమైన వాహనము. ఇది నదివెంట దూరప్రయాణమునకు ఏర్పడినది గాదు, నదిని దాటుటకు ఏర్పడినది. ఈ భేదమును మనస్సున నుంచుకొని ముందునకు సాగుదము.

నదీస్వభావము

నది నౌకామార్గము కావలెనన్న మూడు లక్షణములు కావలెను. ఏడాది పొడుగునను చాలినంత లోతు ఉండవలెను. వాలు మెల్లగా నుండవలెను. అడుగున రాళ్ళును చెరియలును లేకుండవలెను. అమెరికాదేశమున మిసిసిపీనదిపై సరకు పడవలను వరుసలుగా కట్టి వెనుకనుండి యంత్రనౌకలు త్రోయుచుండును. అచటను నది తనంతట తాను అట్టి మార్గమును ఇచ్చినది గాదు. ఎగువ భాగమున అడ్డుకట్టలును లాకులును కట్టి, పూడిక తీసి, 9 అడుగుల లోతును నిలుపుటకు 1930లో పథకము ఏర్పడినది. అంతటి మహానదికే ఇంత ప్రయత్నము కావలసివచ్చినది.

నల్లగొండ సీమను ఒరసి పారు కృష్ణకు ఈ మూడు లక్షణములును సహజముగా లేకుండెను. పడమటి కనుమలలో వర్షములు కురిసినపుడు నది ఉప్పొంగి, గట్టులనుండి గట్టులకు వ్యాపించి, సుడులు తిరుగుచు పారును. వేసవి వచ్చునప్పటికి పాయలుగా చీలి, బండల నడుమ మడుగులుగా నిలుచును. వరదలో వేగము అడ్డు. వేసవిలో లోతులేమి అడ్డు. ఈ రెంటి నడుమ మిగులు కొలది మాసములు మాత్రమే పడవలకు అనుకూలములు. ఆ మాసములందును బండలను ఎరిగిన సరంగు లేనిదే దూరము పోవుట ప్రాణాపాయము.

మూసీనది విషయము ఇంకను స్పష్టము. వికారాబాదు ప్రాంతపు అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నగరమును దాటి, సూర్యాపేటకు పడమటగా పారి వాడపల్లికడ కృష్ణలో కలియు ఈ నది ప్రధానముగా వానకాలపు నది. 1908వ సంవత్సరము సెప్టెంబరులో హైదరాబాదును ముంచిన వరద దీనిదే. అట్టి నదియే వేసవిలో కాలినడకన దాటదగినట్లుగ నుండెడిది. కోదాడకు తూర్పున పారు పాలేరు సయితము అట్టిదే. ఇట్టి ఏరులు పొలములకు నీరిచ్చినవి, చెరువులను నింపినవి, సరకుపడవలను మోయలేదు. 1963లో పూర్తియైన మూసీ ప్రాజెక్టు సూర్యాపేటకు చేరువను సోలిపేటకడ కట్టబడుటయు సేద్యము కొరకే.

ప్రాచీన నిదర్శనములు

ప్రాచీనకాలమున కృష్ణాలోయ విదేశవాణిజ్యమునకు నెలవై యుండెననుట నిర్వివాదము. టాలెమీ అను యవన భూగోళశాస్త్రవేత్త మైసోలస్ అని పేర్కొన్న నది కృష్ణయనియు, కంటకోస్సిల అని పేర్కొన్న వర్తకపట్టణము ఘంటసాల యనియు పండితులు గుర్తించిరి. నాగార్జునకొండకడ దొరకిన, ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని కాలమునాటి బోధిసిరి శాసనమునందు కంటకసెల నామము కన్పట్టుచున్నది. నదికి ఎగువనున్న విజయపురి బౌద్ధులకును, సముద్రతీరపు వర్తకపట్టణమునకును సంబంధముండెననుటకు ఇది ప్రబలసాక్ష్యము. నాగార్జునకొండలో రోమకుల బంగారు నాణెములును లభించినవి.

1954 మొదలు 1960 వరకు నాగార్జునసాగర జలాశయమునకు ముందుగా జరిగిన త్రవ్వకములలో విజయపురియందు నదియొడ్డున రాతిమెట్ల ఘట్టము బయల్పడినది. నదికి ఉత్తరపుటొడ్డున, దేవరకొండ ప్రాంతమునకు చేరిన ఏలేశ్వరముకడను పురావస్తుశాఖ త్రవ్వకములు జరిపినది. ఒకే నదికి రెండొడ్డులను ఎదురెదురుగా ప్రాచీననివాసము లుండుట గమనింపదగినది. నదిని నిత్యము దాటుచున్న జనసమాజమును ఇది సూచించుచున్నది. నదివెంట ఘంటసాలవరకు పడవలు నడచెననుటకంటె, రేవులు రెండొడ్డులను కలిపెననుట ఈ సాక్ష్యమునుండి నిశ్చయముగా తేలు విషయము.

సూర్యాపేట జిల్లాయందలి ఫణిగిరి ఈ సందర్భమున ముఖ్యము. మూసీకి ఉపనదియగు బిక్కేరు సమీపమున కొండపై వెలసిన ఈ బౌద్ధక్షేత్రమునందు స్తూపమును, చైత్యగృహములును, విహారములును, సున్నపురాతి తోరణశిల్పములును బయల్పడినవి. ఇక్ష్వాకు రాజగు రుద్రపురుషదత్తుని 18వ రాజ్యసంవత్సరపు శాసనము అచట దొరకినది. 2024వ సంవత్సరమున అచట 3,730 సీసపు నాణెములు ఒక కుండలో లభించినవి. ఇన్ని నాణెములు ఒకచోట నుండుట బాటసారుల, వర్తకుల రాకపోకలకు గుర్తు.

ఫణిగిరి కొండ నల్లరాతిది, శిల్పములు సున్నపురాతివి. ఆ జాతి రాయి విస్తారముగ దొరకునది కృష్ణాతీరమున. బరువైన రాతిపలకలను కృష్ణాతీరమునుండి ఫణిగిరికి చేర్చుట ప్రవాహమునకు ఎదురుగా, ఎగువకు పోవుట. వరదలో వడిగను, వేసవిలో పలుచగను పారు మూసీపై అట్టి బరువును ఎదురీదించుట అలవిగాని పని. ఎద్దులబండ్లే యిందుకు తగిన సాధనములు. కావున ఇచట నది మార్గమును చూపినది. సరకును మోసినది నేల.

బాట యేల నదిని విడిచెను?

మధ్యయుగమున ఈ సీమ కాకతీయుల యేలుబడిలో సుసంపన్నమై యుండెను. సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱియందు రేచెర్ల రెడ్డి సామంతులు 13వ శతాబ్ది తొలినాళ్ళలో కట్టించిన ఆలయములు నేటికిని ఆ సంపదకు సాక్షులు. గణపతిదేవ చక్రవర్తి 1244–45లో మోటుపల్లియందు వేయించిన అభయశాసనము సముద్రవర్తకులకు రక్షణ నొసగినది. గాలివానకు చిక్కి ఒడ్డున పడిన ఓడల సరకును పూర్వరాజులు బలాత్కారముగ గైకొనుచుండగా, తాను నియతమైన సుంకమును మాత్రము గైకొని మిగిలినది వర్తకులకే విడుచునట్లు ఆ చక్రవర్తి ప్రకటించెను.

మోటుపల్లి కృష్ణకు దక్షిణమునను, ఓరుగల్లు ఉత్తరమునను ఉన్నవి. అచట దిగిన కర్పూరము, చందనము, ముత్యములు ఓరుగంటి అంగళ్ళకు చేరవలెనన్న కృష్ణను ఎచటనో ఒకచోట దాటక తప్పదు. ఇట్లే 17వ శతాబ్దిలో గోలకొండ సుల్తానుల కాలమున వజ్రముల గనికి ప్రసిద్ధిగన్న కొల్లూరు కృష్ణకు దక్షిణపుటొడ్డున ఉండెను. అచట 60,000 మంది పనిచేయుచుండిరని ఫ్రెంచి వర్తకుడగు తవెర్నియే వ్రాసెను. ఆ సంఖ్య అతిశయోక్తి యనుకొన్నను, గోలకొండనుండి అచటికి పోవు వర్తకులును, ఉద్యోగులును నదిని దాటియే పోవలెను. ఈ రెండుదాహరణములయందును నదికి గల ప్రయోజనము రేవే.

ఇంతకంటె బలవత్తరమగు సాక్ష్యము గోలకొండ మచిలీపట్టణముల నడుమ నడచిన రాజమార్గము. మచిలీపట్టణమునుండి బయలుదేరి బెజవాడ, కొండపల్లి, నందిగామ, మునగాల, పానుగల్లు ప్రాంతముల మీదుగా ఆ బాట గోలకొండకు పోయెడిది. 17వ శతాబ్దిలో డచ్చివారు, ఆంగ్లేయులు, ఫ్రెంచివారు ఈ బాటనే వాడిరి. దీని గమనమును దేశపటముపై పరిశీలించినచో ఒక విశేషము కన్పట్టును. ఈ బాట కృష్ణకు ఉత్తరముగ, చాలదూరము నదికి ఇంచుమించు సమాంతరముగ నడచుచున్నది. మున్నేరు, పాలేరు, మూసీలను దాటుచున్నదే గాని కృష్ణను దాటుటయు లేదు, కృష్ణలో పడవనెక్కుటయు లేదు.

నదిమీది రవాణా నేలమీది రవాణాకంటె చౌక యనుట వర్తకులెల్లరు ఎరిగిన సత్యము. అట్టిచో ప్రక్కనే మహానది యుండగా అద్దకపు బట్టలను, ఉప్పును, సుగంధద్రవ్యములను ఎద్దులపై వేసికొని దినములకొలది నడచుటకు కారణమేమి? వర్తకులు అజ్ఞానులు గారు. నది మార్గముగా పనికిరాకుండుటయే కారణము. పెరికెద్దులపై సరకు మోయు లంబాడీల బిడారులు ఈ సీమలో అంత ప్రాముఖ్యము వహించుటకును కారణమిదియే. సూర్యాపేట, కోదాడ పట్టణములు ఈ బాట దాపున వెలసినవి. హైదరాబాదు విజయవాడల జాతీయరహదారి నేటికిని ఆ పట్టణముల మీదుగనే పోవుచున్నది. ఈ సీమకు నౌకాశ్రయములు కాదగినవి నదియొడ్డున గాక బాటయొడ్డున వెలసినవని చెప్పిన తప్పుగాదు.

పుట్టియు బల్లకట్టును

ఇక దాటుటకు వాడిన సాధనములు. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేజ్ తుంగభద్రపై చూచిన పుట్టులను వర్ణించెను. అవి బుట్టలవలె గుండ్రముగ నుండి, లోపల బెత్తముతోను వెలుపల తోలుతోను కూడియుండెననియు, పదునైదిరువదిమందిని మోయగలిగి యుండెననియు, తిన్నగా పోలేక తిరుగుచు పోవుచుండెననియు అతడు వ్రాసెను. తుంగభద్ర కృష్ణకు ఉపనదియే. ఈ వర్ణన 20వ శతాబ్దివరకు కృష్ణపై తిరిగిన పుట్టులకును చక్కగా సరిపోవును. తోలుకు బదులు కాలక్రమమున తారు పూసిన గుడ్డయు, ప్లాస్టిక్ పట్టాయు వచ్చినవి, ఆకారము మారలేదు.

ఆకారము మారకుండుటకు హేతువు కలదు. పుట్టికి అడుగున ఓడకు వలె వెన్నుదూలము లేదు. కావున లోతులేని నీటియందును తేలును. బండకు తగిలినను వెదురల్లిక వంగి నిలుచునే గాని పగులదు. ముందువైపున ఒకే తెడ్డుతో నీటిని తనవైపునకు లాగుకొనుచు పుట్టివాడు దానిని నడుపును. ప్రవాహము పుట్టిని దిగువకు కొట్టుకొనిపోవును గావున, ఎదుటి రేవునకు సూటిగా గాక, దానికి చాల ఎగువనుండి బయలుదేరవలెను. ఎంత ఎగువనుండి అనునది నీటి వడినిబట్టి దినదినము మారుచుండును. అవతలి యొడ్డు చేరిన పిమ్మట తేలికయగు పుట్టిని తలపై బోర్లించుకొని గట్టువెంట ఎగువకు మోసికొనిపోయి తిరుగుప్రయాణమునకు సిద్ధపరచుదురు. ఈ గణన ఏ గ్రంథమునందును లేదు. తండ్రినుండి కొడుకునకు రేవుననే సంక్రమించినది.

బండ్లను, పశువులను దాటించుటకు బల్లకట్టు ఏర్పడినది. రెండు పడవలను ప్రక్కప్రక్కన నిలిపి, వానిపై అడ్డముగ బల్లలు పరచి బిగించినచో అది బల్లకట్టు. గెడలు వేసి దీనిని దాటింతురు. తరువాతి కాలమున దీనికి యంత్రములును అమరినవి. పల్నాటి మిరపయు, పొగాకును, నల్లగొండ సీమ ఆముదపుగింజలును, తోళ్ళును, గొఱ్ఱెల మందలును, పెండ్లివారును, మట్టపల్లి నరసింహుని యాత్రికులును ఈ బల్లకట్టులకును పుట్టులకును సరకులు. ఇదియే యీ సీమ నదీవాణిజ్యము. ఇది చిన్నదిగా కన్పట్టవచ్చును గాని నిత్యమైనది.

నది సరిహద్దైన కాలము

రేవుపై ప్రభుత్వమునకు దృష్టియుండుట క్రొత్తగాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నావధ్యక్షుడను అధికారి కలడు. రేవు కానిచోట, వేళ కాని వేళ నదిని దాటువారికి దండనయు, దాటుటకు నియతమైన వెలలును అందు చెప్పబడినవి. దాటు తావు రాజ్యమునకు ద్వారము. ద్వారముకడ కావలియు సుంకమును ఉండుట రాజనీతి.

ఈ మాట నల్లగొండ సీమకు ఆధునికకాలమున అక్షరాల వర్తించినది. గుంటూరు సర్కారు 1788లోను, పల్నాడు 1801లోను ఆంగ్లేయ కంపెనీకి చిక్కినవి. నాటినుండి కృష్ణ ఒకవైపు నిజాము రాజ్యమునకు, మరియొకవైపు చెన్నపురి రాజధానికి ఎల్లయైనది. 1802 నాటి వాణిజ్యసంధిచే నిజాము ప్రజలకు మచిలీపట్టణపు రేవును వాడుకొను స్వేచ్ఛ లభించినది; సరకులపై నూటికి 5 వంతుల సుంకము నిర్ణయమైనది. ఉత్తరపుటొడ్డున నిజాము సుంకపుశాఖయగు కరోడుగిరి అధికారము. దక్షిణపుటొడ్డున చెన్నపురి శాసనసభ చేసిన 1890వ సంవత్సరపు కాలువల, రేవుల చట్టము. రేవుపై వసూలు హక్కును వేలమునందు పాడుకొన్న గుత్తదారుడు పుట్టివానికిని బాటసారికిని నడుమ నిలిచెడివాడు.

ఒక యొడ్డునుండి మరియొక యొడ్డునకు పిల్లనిచ్చి పుచ్చుకొను కుటుంబములకు ఏరు దాటుట పొరుగూరికి పోవుటయే. ప్రభుత్వమునకు మాత్రము పరరాజ్యమునకు పోవుట. 1948 సెప్టెంబరున హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరుటతోను, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము ఏర్పడుటతోను ఈ యెల్ల తొలగినది. 2014 జూను 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడగా కృష్ణ తిరిగి రెండు రాష్ట్రముల నడుమ ఎల్లయైనది. కరోడుగిరి నాకాలు మరల రాలేదు. కాని నదిపై ఏ పనికైనను ఇరురాష్ట్రముల సమ్మతి అవసరమైనది.

లాగుడు పడవల సీమ

ఇదే నది బెజవాడకు దిగువను ఎట్లు వేరైనదో చూచిన ఎగువ స్థితి మరింత తెల్లమగును. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తికాగా దానినుండి బయలుదేరిన కాలువలు సేద్యమునకును పడవలకును ఏకకాలమున పనికివచ్చినవి. వాలుగల చోట్ల లాకులు కట్టిరి. గాలి అనుకూలించినపుడు తెరచాప యెత్తిరి. లేనపుడు పడవకొయ్యకు మోకు కట్టి గట్టువెంట నడచుచు మనుష్యులు లాగిరి. కొమ్మమూరు కాలువ బకింగుహాము కాలువతో కలియుటచే కృష్ణాతీరపు ధాన్యము చెన్నపట్టణమువరకు నీటిపైననే పోగలిగినది.

లాగుడు పడవకు కావలసినవి కదలని నీరు, తిన్నని గట్టు, గట్టుపై నడకబాట. ఈ మూడును మనుష్యనిర్మితమైన కాలువకు గలవు, ఎగువ కృష్ణకు లేవు. బండలును చీలికలును గల గట్టుపై మోకు పట్టుకొని నడచుట అసాధ్యము. అందుచే లాగుడు పడవల సంస్కృతి బెజవాడకడ ఆగిపోయినది. అచటినుండి ఎగువకు పుట్టుల సంస్కృతి. ఒకే నది, ఒకే భాష, కాని రెండు వేర్వేరు జీవనములు.

ఎగువ నదిని నౌకాయానమునకు లొంగదీయు యత్నము గోదావరిపై జరిగినది. 1860 నాటి సంధిలో గోదావరిపై సుంకములేని నౌకాయానమునకు నిజాము సమ్మతించెను. దుమ్ముగూడెము మొదలగు చోట్ల రాతి అవరోధములను దాటుటకు ఆనకట్టలును కాలువలును ఆరంభమైనవి. 1871లో ఆ పనులు విడిచిపెట్టబడినవి. అప్పటికి ఇనుపదారి యుగము వచ్చినది. 1889లో నిజాము రైలుమార్గము ఓరుగల్లు, ఖమ్మముల మీదుగా బెజవాడకు చేరినది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలు మూడును ఆ మార్గమునకు దూరములే. నదియు బాట కాక, రైలును రాక, ఈ సీమ చిరకాలము బండిబాటపైననే ఆధారపడినది. మిర్యాలగూడ వాడపల్లుల మీదుగా నడికుడికి పోవు రైలుమార్గము 20వ శతాబ్ది చివరిభాగమున గాని రాలేదు.

ఆనకట్టల పిమ్మట

1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము 1967లో కాలువలకు నీరు విడిచినది. ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడ సీమల మెట్టభూములను వరిమళ్ళుగా మార్చినది. మిర్యాలగూడ ధాన్యపు మిల్లులకు పేరుగన్నది. వేయి సంవత్సరములు ప్రక్కనే పారియు పొలమున కెక్కని నీరు ఇప్పుడు ఎక్కినది. దిగువను 2013లో ప్రారంభమైన పులిచింతల జలాశయము నీటిని 175 అడుగుల మట్టమువరకు నిలుపును. దాని క్రింద రెండొడ్డుల పల్లెలును, కొల్లూరు వజ్రపుగనుల తావును, ఎన్నో పాత రేవులును మునిగినవి. బండలున్న చోట లోతైన నీరు నిలిచినది.

ఇట్లు నదికి లేని లోతును ఆనకట్ట యిచ్చినది. కాని ఆ ఆనకట్టయే క్రొత్త అడ్డమైనది. ప్రకాశం బ్యారేజీకడ నీటిమట్టము 57 అడుగులు, పులిచింతల నిండినపుడు 175 అడుగులు. ఈ 118 అడుగుల భేదమును సరకుపడవ దాటవలెనన్న లాకులు కావలెను. పులిచింతల ప్రకాశం బ్యారేజీకి ఎగువను 85 కిలోమీటర్ల దూరమున నున్నది. జాతీయ జలమార్గపు మొదటిదశగా 2017లో చేపట్టినది ముక్త్యాలనుండి విజయవాడవరకు గల 82 కిలోమీటర్లు. అనగా ఆనకట్టకు దిగువభాగము మాత్రమే. వాడపల్లివరకు మిగిలిన 75 కిలోమీటర్లు తరువాతి దశకు విడువబడినవి. 2016 నాటి చట్టము ఈ జలమార్గమును మొత్తము 2,890 కిలోమీటర్లకు పెంచినది. కాగితముపై వాడపల్లి తుదియూరు గాక మధ్యయూరైనది.

సిమెంటు కర్మాగారములు వాడపల్లి, మట్టపల్లి, మేళ్ళచెరువు ప్రాంతములయందు సున్నపురాతి నాధారముగ గొని వెలసినవి. బరువైన సరకునకు నీటిమార్గము చౌక యనుట నిజము. కావున ఇట్టి మార్గమును కోరుట అనుచితము గాదు. కాని అది ప్రాచీనమార్గపు పునరుద్ధరణ మని చెప్పరాదు. అది క్రొత్త నిర్మాణము. లాకులకు, పూడికతీతకు, సేద్యమునకు పోగా పడవలకు మిగులవలసిన నీటికి, ఇరురాష్ట్రముల ఒడంబడికకు ఎంత కావలెనో లెక్కకట్టి చేయవలసిన పని. చరిత్రపేరు చెప్పి ఆ లెక్కను తగ్గించుట చరిత్రకును, ప్రజలకును అపకారము.

ఉపసంహారము

పైవిచారమువలన తేలినది ఇది. కృష్ణా మూసీ సంగమసీమయందు నది ముఖ్యముగా దాటవలసినదిగా నుండెను, వెంటబోవలసినదిగా నుండలేదు. ఇచటి రేవులు ఓడరేవులు గావు, పడవరేవులు. సముద్రవాణిజ్యపు సరకులు ఈ సీమకు వచ్చినవి గాని నదిపై రాలేదు, బాటపై వచ్చినవి. ఆ బాట నదిని విడిచి నడచుటయే యిందులకు ప్రబలసాక్ష్యము.

అయినను పడవరేవుల చరిత్ర ఓడరేవుల చరిత్రకంటె తక్కువది గాదు. రెండు రాజ్యములు విడదీసిన ఒడ్డులను దినదినము కలిపినది పుట్టివాడు. ఏ బండ ఏ నీటిలో మునుగునో, ఏ సుడి ఏ మాసమున పుట్టునో, ఎంత ఎగువను పుట్టి నెక్కవలెనో అతడెరుగును. వంతెనలు వచ్చి దాటు పనిని తప్పించినవి. జలాశయములు వచ్చి బండలను ముంచినవి. ఆ జ్ఞానమునకు ఇపుడు ఉపయోగము తగ్గినది, కావున అది త్వరలో నశించును. నదియొడ్డున ఇంకను మిగిలియున్న పుట్టివారినుండి రేవుల పేర్లను, బండల పేర్లను, తెడ్డు గెడల పరిభాషను సేకరించుట భాషాశాఖల విద్యార్థులు వెంటనే చేపట్టవలసిన కార్యము. శాసనములు రాతిపై నుండి మరికొంతకాలము వేచియుండగలవు. పుట్టివాని మాటలు అట్లు వేచియుండజాలవు.